ఖాళీ గడి

వంటింటి గోడకి వేలాడే కాలెండరు చూస్తే ఆ ఇంటి ఇల్లాలి నిజాయితీ ఏపాటిదో తెలిసిపోతుందంటాను నేను. నవ్వకండి. పాలు పోసిన రోజున గడిలో అంకె వేస్తాం. పోయని రోజున గడి ఖాళీగా వదిలేస్తాం. నెలాఖరున పాలబ్బాయి వచ్చి "ముప్ఫై రోజులండి అమ్మగారూ" అంటే, "కాదు నాయనా, పన్నెండో తారీకున గేదె తన్నిందని నువ్వు రానేలేదు, ఇదిగో చూడు" అని చూపిస్తాం. ఆ ఖాళీ గడి మన సాక్షి. దాన్ని చూసి పాలబ్బాయి కూడా "ఆయ్, నిజమేనండి" అని తల గోక్కుంటాడు. పదకొండున లీటరు పోశాడు, పదమూడున లీటరు పోశాడు, కాబట్టి పన్నెండున కూడా పోసేవుంటాడులే అని ఏ ఇల్లాలూ ఆ గడి నింపదు. నింపితే ఆవిణ్ణి మంచిమనిషి అనరు, వెర్రిబాగుల్ది అంటారు.

ఇంత జాగ్రత్త తెలిసిన మనమే, పిల్లల సైన్సు ప్రాజెక్టు దగ్గరకి వచ్చేసరికి "ఆ గడి నింపెయ్యవే, ఎవరు చూడొచ్చారు?" అంటాం. ఎందుకని? ఆ సంగతే ఈవారం మీతో మాట్లాడదామని.

పదో తరగతి చదివే పిల్లలున్న ఇళ్ళల్లో దసరా వెళ్ళగానే ఒక రకమైన హడావిడి మొదలవుతుంది. ఒక పక్క పబ్లిక్ పరీక్షల భయం, మరో పక్క సైన్సు ప్రాజెక్టు. వెనకటికి ప్రాజెక్టు అంటే అట్టముక్కల మీద అగ్నిపర్వతం చేసి, దాని నోట్లో వంటసోడా పోసి, నిమ్మకాయ పిండి పొంగించడమే. వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టేవారు, అయిపోయేది. ఇప్పుడలా కుదరదు. 1993లో దేశమంతటా మొదలైన జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ పద్ధతే వేరు. పదేళ్ళ నుంచి పదిహేడేళ్ళ వయసున్న పిల్లలు తమ వూళ్ళో సమస్యనే ఒకదాన్ని ఎంచుకుని, తామే కొలిచి, తామే లెక్కలు వేసి, కావాలంటే తమ భాషలోనే వివరించవచ్చు. జిల్లాలో నెగ్గితే రాష్ట్రానికి, అక్కడ నెగ్గితే దేశానికి వెళ్ళొచ్చు. బొమ్మ ఎంత అందంగా చేశావని కాదు, ఏం చూశావు, ఎన్నిసార్లు చూశావు, ఏ రోజున చూశావు అని అడుగుతారు. రోజువారీగా రాసిన నోటుపుస్తకం కూడా చూపించమంటారు.

మంచి పద్ధతే. కానీ ధర్మసందేహాలన్నీ ఆ నోటుపుస్తకం దగ్గరే పుట్టుకొస్తాయి.

మా వీధిలో ఒక పదో తరగతి అమ్మాయి వుంది. చురుకైన పిల్ల. గోదావరి గట్టున పుట్టిన మనకి దోమల గురించి ఒకరు చెప్పాలా? పుట్టగానే ఉయ్యాలకి దోమతెర కడతారు. ఈ పిల్ల తన ప్రాజెక్టుకి "మన వూళ్ళో దోమల నిర్మూలన" అని పేరు పెట్టుకుని మాస్టారి దగ్గరకి వెళ్ళింది. ఆయన నవ్వి, "మునిసిపాలిటీ వాళ్ళ వల్ల కానిది నువ్వు మార్చి లోపల చెయ్యగలవా అమ్మా? ఇంకొంచెం చిన్న ప్రశ్న తీసుకురా" అన్నారట. మర్నాడు "చేపలు దోమల్ని తగ్గిస్తాయా?" అని రాసుకెళ్ళింది. "ఏ చేపలు? ఏ దోమల్ని? ఎక్కడ?" అన్నారట. మూడోసారికి ప్రశ్న ఇలా తేలింది: మన పెరటి గోలెంలో గప్పీ చేపలు వేస్తే, వెయ్యని గోలెంలో కంటే దోమ లార్వాలు తక్కువ వుంటాయా?

ఇంత పెద్ద సంకల్పం ఇంత చిన్న గోలెంలోకి దిగిపోయిందేమిటా అని మనకి అనిపిస్తుంది. పరిశోధనలో మొదటి మెట్టు ఇదేనట. ప్రశ్న ఎంత చిన్నదైతే జవాబు అంత గట్టిగా వుంటుంది. పైగా ఆయన ఇంకోమాట కూడా చెప్పారట. బోదకాలు తెచ్చే దోమ మురుగునీళ్ళల్లో గుడ్లు పెడుతుంది. డెంగీ దోమ మనం ఇంట్లో పట్టి వుంచుకున్న మంచినీళ్ళల్లో పెడుతుంది. గోలేల మీద చేసిన పరీక్షతో వూళ్ళో బోదకాలు పోగొట్టాననకూడదు, తను చూసినంత మేరకే మాట్లాడాలి అని.

ఇక ప్రణాళిక సంగతి. మాస్టారు ముందుగా పరీక్షల తారీకులు కాగితం మీద వేయించి, అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెట్టించారు. మార్చిలో పబ్లిక్. ఫిబ్రవరిలో ప్రీఫైనల్స్. జనవరిలో సంక్రాంతి, అంటే ఇంటినిండా చుట్టాలు, చదువు సున్నా. డిసెంబరులో అర్ధసంవత్సర పరీక్షలు. కాబట్టి లెక్కపెట్టడమంతా నవంబరుతో అయిపోవాలి. ఒకే కొలతవి నాలుగు సిమెంటు గోలేలు, నాలుగూ ఒకే నీడన వుండాలి. రెండింట్లో చేపలు, రెండింట్లో వుత్త నీళ్ళు. మన వేడికి దోమ గుడ్డు వారం పదిరోజుల్లో దోమై ఎగిరిపోతుంది గనక వారానికోసారి చూస్తే చాలదు, మూడురోజులకోసారి చూడాలి. సాయంత్రం ఒకే వేళకి, ఒకే గరిటెతో, ఒక్కో గోలెంలో అయిదుసార్లు ముంచి లెక్కపెట్టాలి. రెక్కలొచ్చే దశకి దగ్గరపడ్డవాటిని తీసి పారబొయ్యాలి, లేకపోతే ప్రాజెక్టు పేరున దోమల్ని పెంచినట్టవుతుంది. ఇదంతా చేస్తే రోజుకి పావుగంట పని. చదువు చెడదు. పట్టిక ముందే గీసుకోవాలి. ఏ తారీకున ఏ గోలెంలో ఎన్ని అన్నదానికి గడులన్నీ ముందే గీసి వుండాలి.

చూశారా, గడులు ముందే గీసుకోవడంలోనే వుంది తమాషా. గీసిన గడి నింపమని పిలుస్తూనే వుంటుంది.

కార్తీకమాసంలో అమలాపురం దగ్గర పెళ్ళికని తల్లీకూతుళ్ళు వెళ్ళారు. వాయుగుండం పట్టింది. రెండు రోజులు వాన వదల్లేదు, బస్సులు నడవలేదు. ఒక లెక్క తప్పిపోయింది. తిరిగొచ్చి చూస్తే నాలుగు గోలేలూ పొంగిపొర్లి వున్నాయి. ఆ తరవాత లెక్కపెట్టిన రోజున చేపలున్న గోలేల్లోనూ లార్వాలు తక్కువే, చేపలు లేనివాటిలోనూ తక్కువే.

ఇంతకీ తల్లి బాధ ఏమిటంటే పట్టికలో నాలుగు గడులు ఖాళీగా వుండిపోయాయి. నన్ను పిలిచి, "మీరైనా చెప్పండి వదినగారూ. ముందు రోజుదీ తరవాత రోజుదీ కలిపి సగం చేసి వేసెయ్యమంటున్నాను. తప్పా? ఖాళీ కనపడితే ఈ పిల్ల శ్రద్ధగా చెయ్యలేదనుకోరూ?" అంది. పిల్ల మొహం గంటుపెట్టుకుని, "లెక్కపెట్టలేదు కదమ్మా" అని ఒకటే మాట. "లెక్కపెడితే మాత్రం అంతకంటే ఏం వచ్చేది?" అని తల్లి. "ఏమో, అదే కదా తెలియంది" అని పిల్ల.

నేనా తల్లిని తప్పుపట్టలేను. మనం పిల్లలకి పదేళ్ళుగా నూరిపోసిన సూత్రమే ఆవిడ చెప్పింది. పరీక్షకి పంపేటప్పుడు గుమ్మంలో నిలబడి మనందరం చెప్పేదేమిటి? "ఏ ప్రశ్నా వదలకు. తెలియకపోయినా ఏదో ఒకటి రాయి. ఖాళీ పెడితే సున్నా, రాస్తే అరమార్కయినా రావచ్చు." ఇది అధర్మమేమీ కాదు. పబ్లిక్ పరీక్షలో తప్పు రాసినందుకు వున్న మార్కులు కోసెయ్యరు. నీట్ లాంటి పరీక్షలో తప్పు జవాబుకి ఒక మార్కు కోత వుంది గనక అక్కడ జాగ్రత్తపడమంటాం. అది లెక్కల విషయమే తప్ప నీతి విషయం కాదు. పరీక్షలో తెలియని జవాబు రాసినంత మాత్రాన అబద్ధమాడినట్టు కాదు. పేపరు దిద్దే ఆయనకి తెలుసు, ఇది "నాకు ఇలా అనిపిస్తోంది" అని పిల్ల చెప్పుకునే మాట అని. అనిపించడంలో దోషమేముంది?

ప్రాజెక్టు పట్టికలో అంకె వేశామంటే అది వేరే మాట. "నాకు ఇలా అనిపిస్తోంది" అని ఆ అంకె చెప్పదు. "ఫలానా తారీకున, ఫలానా వేళకి, నేను చూశాను" అని చెబుతుంది. రెండూ నాలుగు గీతల మధ్య పట్టేవే, చూడ్డానికి ఒకేలా వుంటాయి. కానీ ఒకటి అభిప్రాయం, ఒకటి సాక్ష్యం.

మన పెద్దవాళ్ళు తర్కశాస్త్రంలో ఈ ముడి ఎప్పుడో విప్పారు. ప్రత్యక్షం ఒక ప్రమాణం, అనుమానం మరొక ప్రమాణం అన్నారు. అనుమానమంటే మనం వాడుకలో అనే శంక కాదు, పొగని చూసి నిప్పు వుందని ఊహించడం. అదీ జ్ఞానమే, దాన్ని ఎవరూ చిన్నచూపు చూడలేదు. కానీ పొగని చూసి వచ్చి "నిప్పు చూశాను" అంటే మాత్రం వొప్పుకోరు. ముందు రోజుదీ తరవాత రోజుదీ కలిపి సగం చెయ్యడం అనుమానం. కావాలంటే వెయ్యొచ్చు, పక్కన "ఇది చూసింది కాదు, లెక్కగట్టింది" అని రాస్తే ఎవరికీ అభ్యంతరం వుండదు. ప్రత్యక్షం కాని దానికి ప్రత్యక్షం వేషం వెయ్యడంతోనే వచ్చింది చిక్కంతా.

అసలు ఆ గడిలో సగం అంకె వేస్తే ఏమయ్యేదో ఆలోచించండి. లార్వాలు నెమ్మదిగా, వాటంతట అవే తగ్గినట్టు కనిపించేది. వాయుగుండం మాయమైపోయేది. చేపలు లేని గోలేల్లో కూడా ఎందుకు తగ్గాయని ఎవరైనా అడిగితే జవాబు వుండేది కాదు. ఖాళీగా వదిలి, పక్కన "వాన, నాలుగు గోలేలూ పొంగాయి, నేను వూళ్ళో లేను" అని రాస్తే చదివినవాడికి అంతా అర్థమవుతుంది. చేపల వల్ల తగ్గినవెన్నో, వానకి కొట్టుకుపోయినవెన్నో విడదీసి చెప్పలేమని తెలుస్తుంది. ఆ ఖాళీ ఏమీ చెప్పదనుకున్నాం గానీ, పట్టిక మొత్తంలో అన్నింటికంటే ఎక్కువ చెప్పేది అదే.

ఇంకో సంగతి. అదే పట్టికలో కొన్ని గడుల్లో సున్నాలున్నాయి. సున్నా అంటే ఏమీ లేనట్టే కదా, ఖాళీ అన్నా అదే కదా అనిపిస్తుంది. కాదు. సున్నా అంటే చూశాను, లేవు. ఖాళీ అంటే చూడలేదు. ఈ తేడా బోదకాలు పరీక్ష చేసేవాళ్ళని అడగండి, చెబుతారు. ఫైలేరియా పురుగు పిల్లలు పగలు ఒంట్లో లోపలెక్కడో దాక్కుని, రాత్రిపూట పైరక్తంలోకి వస్తాయి. దోమ కుట్టేది అప్పుడేగా! అందుకే మన జిల్లాల్లో ఆరోగ్యశాఖ వాళ్ళు రాత్రివేళ ఇంటింటికీ తిరిగి వేలి మీద సూదితో పొడిచి రక్తం తీసుకునేవారు. నిద్రలోంచి లేపారని పిల్లలు ఏడిస్తే పెద్దవాళ్ళు విసుక్కునేవారు. అదే రక్తాన్ని పట్టపగలు తీసి చూస్తే చాలామందిలో ఏమీ కనపడదు. కనపడలేదని రాయొచ్చు గానీ లేదని రాయకూడదు. పగలు చూశామని కూడా రాసి తీరాలి. చూడనిదాన్ని లేదనుకోవడంలో ఎంత ప్రమాదముందో మన డెల్టాలో కాలు బరువెక్కి బతుకంతా ఈడ్చుకొచ్చిన ఆడవాళ్ళకి తెలుసు.

బోదకాలు మాట వచ్చింది గనక భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతి చెప్పకుండా వుండలేను. 1895లో పుట్టారు. రాజమండ్రిలో చదివే రోజుల్లో ఇంట్లో కష్టాలూ చావులూ ఆయన చదువుని చిందరవందర చేశాయి. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడోసారికి గట్టెక్కారు. పరీక్ష తప్పితే గొప్పవాళ్ళవుతారని చెప్పడానికి ఈ కథ వాడుతుంటారు కొందరు. నా కది నచ్చదు. తప్పినవాళ్ళు లక్షల్లో వున్నారు, సుబ్బారావుగారు ఒక్కరే. నాకు ఆయన కథలో నచ్చేది పరీక్ష కాదు, ఒక రంగు.

ఆయన అమెరికా వెళ్ళి, హార్వర్డులో సైరస్ ఫిస్క్ అనే ఆయన దగ్గర పనికి కుదిరారు. రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంతుందో నీలంరంగు చిక్కదనాన్ని బట్టి తేల్చే పద్ధతి ఒకటి ఇద్దరూ కలిసి కనిపెట్టి 1925లో ప్రచురించారు. అది ఎంత బాగా కుదిరిందంటే ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో ఇప్పటికీ వాళ్ళిద్దరి పేరుతోనే చెప్పుకుంటారు. తరవాత అదే పద్ధతితో కండరాల్లోంచి తీసిన రసాన్ని పరీక్షించారు. మామూలుగా అయితే రంగు గబగబా వచ్చి ఆగిపోవాలి. ఇక్కడ ఆగలేదు. నెమ్మదిగా, ఆలస్యంగా, చిక్కబడుతూనే వుంది. అంటే ఏ నిమిషాన చూస్తే ఆ నిమిషానికి ఒక అంకె. గడిలో ఏది వెయ్యాలి?

మనలాంటి వాళ్ళమైతే "మందు పాడైందేమో, సగటు వేసెయ్" అనేవాళ్ళం. వాళ్ళలా అనలేదు. కుదరని అంకెని కుదరనట్టే వుంచి, ఎందుకు కుదరలేదని వెంటపడ్డారు. కండరంలో భాస్వరాన్ని పట్టుకుని వున్న పదార్థం ఒకటుందనీ, అది తాము పోసిన ఆమ్లంలో మెల్లగా విడిపోతోందనీ, అందుకే రంగు ఆలస్యమవుతోందనీ తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో లోకానికి తెలియజేశారు. మనం గబుక్కున బిందె ఎత్తినప్పుడు కండరానికి తక్షణం శక్తి అందించేది అదే. కండరాల శక్తి గురించి అంతవరకూ వున్న నమ్మకం దానితో కదిలిపోయింది. ఆ రోజున ఆలస్యపు రంగుకి బదులు ఒక చక్కని సగటు అంకె వేసి వుంటే పట్టిక అందంగా వుండేది, పదార్థం మాత్రం వాళ్ళ చేతికి దొరికేది కాదు.

ఆయన తరవాత లెడర్లీ కంపెనీ పరిశోధనకి పెద్దగా వుండగానే ఫోలిక్ యాసిడ్ తయారుచేసే దారి దొరికింది. కడుపుతో వున్నప్పుడు డాక్టరమ్మ రాసిచ్చే ఆ చిన్న బిళ్ళ వెనక భీమవరం మనిషి శ్రమ వుందని మనలో ఎంతమందికి తెలుసు? బోదకాలు జబ్బుకి వాడే డీఈసీ మందు కూడా ఆయన హయాంలో 1947లో అక్కడినుంచి వచ్చిందే. 2004 నుంచి దేశంలో బోదకాలున్న జిల్లాల్లో ఏడాదికోసారి ఇంటింటికీ వచ్చి మింగించిన మాత్ర అది. ఆయన 1948లో పోయారు. ఆ మాత్ర తన సొంత జిల్లా గుమ్మాల్లోకి రావడం ఆయన చూడలేదు.

గొప్పవాళ్ళ విషయంలో కూడా గడులు నింపే గొడవ లేకపోలేదు. పదో తరగతి జీవశాస్త్రంలో మెండెల్ బఠాణీల పాఠం వుంది కదా. గుండ్రటి గింజలు 5474, ముడతల గింజలు 1850, అంటే దాదాపు మూడింటికి ఒకటి. మఠంలోని తోటలో ఏళ్ళ తరబడి పెంచి, 1866లో ప్రచురించాడా సన్యాసి. డెబ్భై ఏళ్ళు గడిచాక, 1936లో, ఫిషర్ అనే గణాంకవేత్త ఆ లెక్కలన్నీ మళ్ళీ వేసి చూసి, ఇవి నిజం కంటే కూడా చక్కగా వున్నాయే అన్నాడు. ప్రకృతి అంత శుభ్రంగా లెక్క అప్పజెప్పదు, కాస్త అటూ ఇటూ వుండాలి. మెండెల్ మోసం చేశాడని ఫిషర్ అనలేదు. ఆయనకి ఏ జవాబు కావాలో ముందే తెలిసిన సహాయకుడెవడో ఆయన్ని సంతోషపెట్టడానికి లెక్కలు సర్ది వుంటాడని అనుమానపడ్డాడు. ఆ వాదం ఇప్పటికీ పూర్తిగా తెగలేదు. మెండెల్ చెప్పిన సూత్రం నిలిచింది, ఆ ప్రశ్నా నిలిచింది.

ఆ సహాయకుడి మాట చదివినప్పుడల్లా నాకు మన తల్లులే గుర్తొస్తారు. పిల్లకి ఏం కావాలో, జడ్జీలకి ఏం కావాలో ముందే తెలుసుకుని, ప్రేమకొద్దీ గడులు సర్దిపెట్టే చెయ్యి మనది. అది చెడ్డ చెయ్యి కాదు. పిల్ల జడలో పాయ జారితే సర్దుతుంది, పరికిణీ అంచు వూడితే కుడుతుంది. అలవాటు కొద్దీ పట్టికలో చిరుగు కూడా కుట్టెయ్యాలనుకుంటుంది. కానీ ఆ చిరుగు ఎక్కడుందో పిల్లకి కనపడాలి, లోకానికీ కనపడాలి.

"ఇవన్నీ సుబ్బారావుగారికీ మెండెల్‌కీ గానీ మా పిల్లకెందుకండీ? దానికి ముందు పరీక్షలో మార్కులు రావాలి" అంటారేమో. సరే, పరీక్షల దగ్గరకే వద్దాం. పరీక్ష చదువులోనూ ఖాళీ గడిదే పెత్తనం.

మన పిల్లలు ఎలా చదువుతారు? అదే పాఠం పదిసార్లు పైకి చదువుతారు. పక్కింటికి వినపడేలా చదివితే మనకీ తృప్తి. పదోసారికి పేజీ ఎంత పరిచయమైపోతుందంటే అంతా వచ్చేసినట్టే వుంటుంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ పిల్లల మీద దీన్ని పరీక్షించి చూశారు. కొందరిచేత ఒక పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివించారు. కొందరిచేత చదివించి, పుస్తకం మూయించి, గుర్తున్నదంతా రాయించారు. అయిదు నిమిషాల తరవాత అడిగితే మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళే నెగ్గారు. వారం పోయాక అడిగితే పుస్తకం మూసి రాసినవాళ్ళకి ఎక్కువ గుర్తుంది. తమాషా ఏమిటంటే, ఎక్కువ గుర్తుంటుందని ధీమాగా చెప్పింది మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళు!

దీని భావమేమిటంటే, పుస్తకం మూసి కాగితం తీస్తే మధ్యమధ్య ఖాళీలు బయటపడతాయి. ఆ ఖాళీ చూడ్డం ఎవరికీ ఇష్టం వుండదు. అందుకే గబుక్కున పుస్తకం తెరిచేస్తాం, కనపడగానే "ఆఁ, ఇది నాకు తెలుసు" అనుకుంటాం. అది కూడా చూడని రోజున అంకె వెయ్యడం లాంటిదే. తేడా అల్లా అక్కడ మోసపోయేది జడ్జీ, ఇక్కడ మోసపోయేది మనమే. పరీక్ష హాలులో ఖాళీ వదలొద్దని చెప్పడం మంచిదే. కానీ ఆ హాలులోకి వెళ్ళే ముందు మూడు నెలలపాటు తన ఖాళీలు తను చూసుకున్న పిల్లకే అక్కడ నింపడానికి ఏమైనా వుంటుంది. పరీక్షకీ పరిశోధనకీ నీతులు రెండనుకున్నాం గానీ, లోతుకి వెళితే ఒకటే. తెలిసిందేదో తెలియందేదో విడదీసి పెట్టుకోవడం.

ఇంతకీ మా వీధి అమ్మాయి ఏం చేసిందంటారా? నాలుగు గడులూ ఖాళీగానే వుంచింది. పక్కన ఎర్రసిరాతో వాన సంగతి రాసింది. వానకి ముందు లెక్కలూ తరవాత లెక్కలూ వేరువేరుగా వేసి, "వానకి ముందు చేపలున్న గోలేల్లో లార్వాలు తక్కువ వున్నాయి. తరవాత సంగతి నేను చెప్పలేను" అని ముగించింది. అంతే నిజం.

ఆ ప్రాజెక్టు జిల్లా దాటలేదు. ఎందుకు దాటలేదో ఎవరూ చెప్పలేదు. ఖాళీ గడులవల్లేనని తల్లి బాధ. అయివుండొచ్చు, కాకపోనూవచ్చు. నిజం చెప్పినవాళ్ళకి కప్పులూ కిరీటాలూ వస్తాయని నేను మీకు చెప్పబోవడం లేదు. నవలల్లో అయితే ఆఖరి పేజీలో ఇప్పించేదాన్నేమో. నిజం చెప్పడానికి ఖర్చవుతుంది, ఆ పిల్లకి పదిహేనో ఏటనే అయింది. తల్లి రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. పిల్ల కూడా ఏడిచిందనే విన్నాను.

కానీ ఆ ఖర్చుతో ఆ పిల్ల కొనుక్కున్నదేమిటో చూడండి. ఆ పట్టికలో మిగిలిన గడులన్నీ నిజమేనని ఎవరైనా నమ్మొచ్చు. ఒక్క గడి కల్పించి వుంటే, కల్పించనివాటిని కూడా ఎందుకు నమ్మాలి? ఎవరిదాకానో ఎందుకు, ఆ పిల్లే రేపు పుస్తకం తీసి చూసుకుంటే, ఇందులో నేను చూసినవేవి, అమ్మ వెయ్యమన్నవేవి అని తడుముకోవాలి. తన రాతని తనే నమ్మలేకపోవడం కంటే పెద్ద నష్టం చదువుకున్నవాళ్ళకి వేరే ఏముంటుంది?

ఈ పిల్లలే రేపు డాక్టర్లై రోగి జ్వరం పట్టిక రాస్తారు. ఇంజనీర్లై ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర వరదమట్టం కొలుస్తారు. అర్ధరాత్రి ఒక కొలత తప్పిపోతే, పైవాళ్ళు ఏమనుకుంటారోనని సగటు వేసేవాళ్ళు కావాలా, "ఆ గంట కొలవలేదు" అని రాసేవాళ్ళు కావాలా? దిగువన లంకల్లో సామాన్లు మూటగట్టుకుని కూర్చున్నవాళ్ళని అడిగితే ఏం చెబుతారో మనకి తెలుసు. అర్ధరాత్రి వేళ ఎవరూ కొత్తగా నిజాయితీ నేర్చుకోరు. పదో తరగతి నోటుపుస్తకంలో నేర్చుకున్నదే చేతికి వస్తుంది.

మార్చి దగ్గరకొస్తోంది. రాత్రి పది దాటాక మీ పిల్ల పుస్తకం మూసి, పెన్ను నోట్లో పెట్టుకుని, కాగితం మీద ఒకచోట ఆగిపోయి దిక్కులు చూస్తూ కూర్చుంటే కంగారుపడకండి. గబుక్కున వెళ్ళి జవాబు అందించకండి. కాసేపు అలా వుండనివ్వండి. కావాలంటే ఒక గ్లాసు పాలు కాచి పక్కన పెట్టి రండి.